బాటు అంకుల్ ఓటు

నా ఫోన్లో ఆయన పేరు ఇప్పటికీ ‘బాటు అంకుల్’ అనే ఉంది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఆ పేరు తెర మీద వెలిగింది. అప్పటికి రెండు వారాలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. హమ్మయ్య, ముసలాయన అలక తీరిందన్నమాట అనుకుని, ఫోనెత్తి, ఎప్పటి వెటకారంతోనే, “చెప్పండి బాటు గారూ, చార్జింగ్ ఎక్కిందా?” అన్నాను.

అవతల ఒక ఆడపిల్ల గొంతు.

“ఇట్స్ నాట్ డాడ్, అంకుల్.”

ఆయన కూతురు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారట. ఆ తెల్లవారుజామునే పోయారట. మా ఇంటికి మూడు వీధుల అవతల ఉండే మనిషి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంటే నాకు తెలియలేదు. తండ్రి పోయిన పిల్లతో నేనన్న మొదటి మాట చార్జింగ్ గురించి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

బాటు అన్న పేరు నేను పెట్టిందే.

అంతర్జాలంలో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదాన్ని ఎవరైనా దిద్దవచ్చు. నేను పెర్త్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు అక్కడ నిర్వాహకుడిగా ఉంటాను. పదవి పేరు చూసి భయపడనక్కర్లేదు, అది జీతంలేని కాపలా ఉద్యోగం. పిచ్చిరాతలు చెరపడం, తగువులు తీర్చడం, కొత్తగా వచ్చినవాళ్లను “మూలం చూపండి” అని వేధించడం మా పని. ఆ మాట అనీ అనీ నా నోటికి ఎంత అలవాటైందంటే, రేపు వానొస్తుందట అని మా ఆవిడ అంటే మూలం ఏదని అడిగి చీవాట్లు తిన్నాను.

రెండేళ్ల కిందట అక్కడ రోజుకొక కొత్త పేజీ పుట్టడం మొదలైంది. అన్నీ గ్రహశకలాల మీదే. కుజుడికీ గురుడికీ నడుమ లక్షల కొద్దీ తిరిగే రాళ్లలో, పేరు కూడా పెట్టని, వట్టి నంబరు మాత్రమే ఉన్నవాటిని ఏరుకుని మరీ రాస్తున్నారెవరో. పేజీకి అయిదే వాక్యాలు. ఫలానా నంబరు గ్రహశకలం. ఫలానా సంవత్సరంలో కనుగొన్నారు. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి ఇన్నేళ్లు పడుతుంది. వ్యాసం తెలియదు. ఆఖరి వాక్యం అన్నిటికీ ఒకటే: ‘ఇది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.’

అలాంటి చిన్న పేజీని మేం మొలక అంటాం. పై భాగంలో ‘ఇది మొలక, దీన్ని పెంచండి’ అని ఒక పట్టీ పడుతుంది. ఈ మొలకలు పెరిగేవి కావు. పైగా మార్పుల పట్టికలో గ్రీన్‌విచ్ సమయం పడుతుంది కదా, ప్రతి పేజీ పక్కనా ఎనిమిదీ పది. రోజూ ఎనిమిదీ పదికే. ఒక్క నిమిషం తేడా వస్తే ఒట్టు. మనిషన్నవాడు ఇంత క్రమంగా ఉండడని నాకు గట్టి నమ్మకం. ఇది బాటు పని అని తేల్చేశాను. బాటు అంటే మనిషి ప్రమేయం లేకుండా తనంతట తానే రాసుకుపోయే ప్రోగ్రాం. అనుమతి లేకుండా బాటు నడపడం మా దగ్గర నేరం. ఖాతాను మూడు రోజులు ఆపేసి, ‘మీరు బాటు నడుపుతున్నట్టు అనుమానంగా ఉంది, వివరణ ఇవ్వండి’ అని నోటీసు పెట్టాను.

ఖాతా ఆపినా సొంత చర్చా పేజీలో రాసుకోవచ్చు, మర్నాడు ఎనిమిదీ పదికి అక్కడ జవాబు వచ్చింది. ‘అయ్యా, నేను బాటును కాను, మనిషిని. రోజూ టీ తాగినాక రాస్తాను. మా ఇంట్లో టీ నాలుగింటికి. మాది పెర్త్‌లో కానింగ్ వేల్.’

గ్రీన్‌విచ్‌లో ఎనిమిదీ పది అంటే మాకు సాయంత్రం నాలుగూ పది. నేనుండేది కూడా కానింగ్ వేలే.

క్షమాపణ చెప్పుకోవడానికి వట్టి చేతులతో ఎలా వెళ్లడమని అరటిపళ్లు పట్టుకెళ్లాను. ఆయన వాటి మీది స్టిక్కరు కళ్లజోడు పైకెత్తి చూసి, “పొద్దున ఈ పెట్టెలు దించింది నేనే అబ్బాయ్, తిరిగి నా ఇంటికే తెచ్చా?” అన్నారు. ఆయన పని మా దగ్గరి కూరగాయల హోల్‌సేల్ మార్కెట్‌లో. తెల్లవారకముందే వెళ్లి, మధ్యాహ్నానికి వచ్చేసేవారు. ఒంగోలు వైపు మనిషి. ఆ యాస పాతికేళ్ల ఆస్ట్రేలియాలో ఒక్క పిసరు అరగలేదు.

పెరటి వరండాలో ఖాళీ అరటిపళ్ల పెట్టె బోర్లించి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని రాసేవారు. ఒంటివేలి టైపింగు. ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుతూ నొక్కేవారు. “గ, దానికి రావత్తు. హ. యాడుందీ శ? ఆ, ఇక్కడుంది.” అయిదు వాక్యాలకు ముప్పావు గంట. అంతా రాసుకున్నాక, టీ గ్లాసు కింద పెట్టి, నాలుగూ పది కొట్టేదాకా ఆగి అప్పుడు ప్రచురించేవారు. ఎందుకని అడిగితే, “నిన్న అప్పుడే గదా వేశాం” అన్నారు. ఇదేం జవాబో నాకర్థం కాలేదు.

ఆ రోజు నుంచి ఆయనకు నేను పెట్టిన పేరే ఖాయమైపోయింది. గుడి దగ్గర ఎవరైనా పరిచయమైతే, “నేను బాటునండీ, ఈ అబ్బాయిని అడగండి కావాలంటే” అనేవారు. మార్కెట్‌లో లారీ ఆలస్యమైన రోజు నాకు ఫోన్ చేసి, “ఈరోజు బాటు చెడిపోయింది, పేజీ రాదు” అని ముందే చెప్పేవారు. అలా చెప్పింది రెండేళ్లలో రెండుసార్లో మూడుసార్లో.

చనువు పెరిగాక మా తగువు కూడా పెరిగింది. ఆ ఆఖరి వాక్యం దగ్గర మొదలైంది అది. దానికి మూలం లేదని నేను చెరిపేసేవాణ్ణి. ఆయన మళ్లీ పెట్టేవారు.

“తిరుగుతుందనడానికి మూలమేందబ్బాయ్? పైకి చూడు.”

“పైకి చూస్తే కనపడదు అంకుల్, అంత చిన్నది.”

“మరి అందుకేగా రాస్తంది.”

ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను. “అసలు వీటిని ఎవరు చదువుతారు అంకుల్? ఇంగ్లీషులో లిస్టులున్నాయి కదా. టైమ్ వేస్ట్ కదా?”

ఆయనకు కోపం వచ్చినట్టు లేదు. మార్కెట్ సంగతి చెప్పారు. అక్కడ లేబుల్ ఊడిపోయిన పెట్టె వస్తే ఎవరూ సంతకం పెట్టరట. మూలకు తోసేస్తారట. మూడో రోజున పారేస్తారట. “లోపల పళ్లు బంగారంలా ఉంటయ్ అబ్బాయ్. కాయితం లేదు, అంతే.” ఆయన అలాంటి పెట్టెలు కనపడితే విప్పి చూసి, మార్కర్ పెన్నుతో పైన రాసి పెట్టేవారట. ఒక్కోసారి దాని సొంతదారు వెతుక్కుంటూ వచ్చేవాడట, ఒక్కోసారి రాడట. “రాయడం చదివేవాళ్ల కోసం అనుకుంటన్నావు నువ్వు. ఎవడన్నా వెతికితే దొరకాలిగా. తెలుగులో వెతికినోడికి తెలుగులో దొరకాలి.”

“పేరున్నవాటి మీదైనా రాయొచ్చు కదా?”

“పేరున్నోళ్లకి ఎవరో ఒకరు రాస్తార్లే.”

నేను నవ్వి ఊరుకున్నాను. నాకు అప్పుడు అదంతా చాదస్తంగానే తోచింది. ప్రేమ లేక కాదు. ఆయనంటే ఇష్టమే. ఇంటికి దూరంగా వచ్చి పడినవాళ్లకు ఇలాంటి పెద్దాయన ఒకరు దొరకడం అదృష్టమని కూడా అనుకునేవాణ్ణి. పేజీల సంగతి మాత్రం వేరే. అవి ఏడువందలు దాటాయి. హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ మిగతా నిర్వాహకులు గోల పెడుతున్నారు. మన సర్వస్వం రాళ్లగుట్టలా తయారైందని ఒకాయన రాశాడు. నువ్వు ఆయన్ను ఎరుగుదువు కాబట్టి నువ్వే తేల్చు అన్నారందరూ. మాకొక పద్ధతుంది. చర్చ తెరుస్తాం. విషయానికి ప్రాధాన్యం ఉందా లేదా అని వాదించుకుంటాం. ఎవరి ఓటు వాళ్లు ‘ఉంచాలి’ అనో ‘తొలగించాలి’ అనో రాస్తారు. ఏడు రోజుల్లో ఒక్క అభ్యంతరమైనా వస్తే చర్చ సాగుతుంది. రాకపోతే ముగిసినట్టే.

చర్చ తెరిచే ముందు ఆయనకు చెప్పాలి కదా. ఒక ఆదివారం పార్కు బెంచీ మీద కూర్చుని చెప్పాను. పేజీలన్నీ తీసేసి ఒకే పట్టికగా చేస్తామని, ఒక్కోదానికి ఒక్కో వరస ఉంటుందని, సమాచారం ఎక్కడికీ పోదని. పనిలో పనిగా నేను తయారుచేసుకున్న చమత్కారం కూడా వినిపించాను. “ఏమీ అనుకోకండి అంకుల్. వ్యాసమే తెలియనిదానికి వ్యాసమెందుకు అంటారు మావాళ్లు.” ‘మావాళ్లు’ అన్నది అబద్ధం. ఆ మాట నాదే. రాయి అడ్డకొలతనీ వ్యాసమే అంటాం, రాసే పేజీనీ వ్యాసమే అంటాం కదా, ఆ రెంటినీ అలా ముడివేసినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆయన పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడ్డారు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. నేను నీళ్ల సీసా అందించాను, అంతకు మించి ఆలోచించలేదు.

“బాగుందబ్బాయ్. ఆ ముక్క అక్కడ రాయి తప్పకుండా,” అన్నారు కళ్లు తుడుచుకుంటూ. తర్వాత చెప్పుల వైపు చూసుకుంటూ, “మొలకని పేరు పెట్టేదీ మీరే, పీకేదీ మీరేనా?” అన్నారు.

“రూల్స్ అంకుల్.”

“సరే. తెరువు నువ్వు. అందరూ చెప్పింది విని ఆఖర్న నేనొచ్చి ‘ఉంచాలి’ అని రాస్తా. ఒక్కణ్ణే ఉంటాలే, నాకు తెలుసు. ఓడిపోతే ఓడిపోయా. రాయకుండా మాత్రం ఓడిపోను.”

సోమవారం చర్చ తెరిచాను. నా చమత్కారాన్ని మొదటి వాక్యంగా పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ‘తొలగించాలి’, ‘తొలగించాలి’ అని వరసగా ఆరు ఓట్లు పడ్డాయి. సోమ, మంగళవారాలు ఎనిమిదీ పదికి ఆయన కొత్త పేజీలు వచ్చాయి. బుధవారం నుంచి రాలేదు.

ఇది నేను ఆ వారంలో గమనించలేదు. తర్వాత పట్టిక చూస్తే తెలిసింది. నిమిషం తేడా లేకుండా వస్తున్నాడని ఒక మనిషిని యంత్రం అన్నవాణ్ణి, అతను రావడం మానేస్తే ఒక్క రోజైనా ఎందుకని అడగలేదు. ఓటు పడలేదేమని మాత్రం రోజూ చూశాను. అలిగారనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, పెద్దాయనతో అందరి ముందూ వాదించే పని తప్పిందని లోలోపల తేలిక పడ్డాను. ఫోన్ చేస్తే మొహమాటం. మూడు వీధులు నడిస్తే మొహమాటం. ఎనిమిదో రోజున చర్చ ముగించి, ‘అభ్యంతరాలేవీ రాలేదు’ అని రాశాను. ఏడువందల చిల్లర పేజీలను చేత్తో తీయడం కష్టమని ఒక చిన్న ప్రోగ్రాం రాసి నడిపాను. పావుగంట పట్టింది. ఆయన రెండేళ్లు ఒంటివేలితో రాసినవన్నీ పట్టికలో వరసలైపోయాయి. మా ఇద్దరిలో బాటు నడిపినవాణ్ణి నేనొక్కణ్ణే.

కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. వరండాలో అరటిపళ్ల పెట్టె అలాగే బోర్లించి ఉంది. కూతురు బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే.

“అంకుల్, డిడ్ ఇట్ వర్క్?” అని అడిగింది.

“ఏదమ్మా?”

“డాడ్స్ వోట్. ఐ పుట్ ఇట్ ఇన్ ఫర్ హిమ్.”

నాకు అర్థం కాలేదు. చెప్పింది. ఆస్పత్రిలో మాస్కు పెట్టి ఉన్నారట, మాట రావడం లేదట. శనివారం టిష్యూ కాగితం అడిగి, దాని మీద పెన్నుతో ఒక మాట రాసి, ఫోన్లో ఆ చర్చ పేజీ తెరిపించి, ఇది అక్కడ పెట్టమని సైగ చేశారట. తెలుగు రాయడం రాని పిల్ల. ఫోన్లో తెలుగు కీబోర్డు వేసుకుని, ఆ ఆకారాలను ఒక్కొక్కటే వెతికి పట్టుకుందట. అయినా ఆయన వెంటనే నొక్కనివ్వలేదట. “హి మేడ్ మి వెయిట్. టిల్ ఫోర్ టెన్. నర్స్ వాజ్ లైక్, వాట్ ఆర్ యూ టూ డూయింగ్?” పెట్టాక తెర చూపిస్తే చదువుకుని నవ్వారట. “త్రూ ద మాస్క్. రియల్లీ లాఫ్డ్. ఐ డోంట్ నో వై.”

వెళ్లి ఆ టిష్యూ తెచ్చి చూపించింది. వంకర టింకరగా, ఉంచాలి.

నేను చూస్తానమ్మా అని చెప్పి ఇంటికొచ్చేశాను. చర్చ పేజీ చరిత్ర తెరిచాను. శనివారం, ఎనిమిదీ పది. ఖాతా లేని ఎవరో ఒక మాట చేర్చారు: ‘ఉచలి’. ఆ తర్వాత నాలుగు నిమిషాలకు ఎవరో దాన్ని తీసేశారు. కారణం: ‘అర్థం లేని రాత’. తీసేసింది నేను.

గుర్తుంది నాకు. పక్కింటివాళ్ల పెరట్లో బార్బెక్యూ విందులో ఉన్నాను ఆ సాయంత్రం. ఒక చేతిలో సాసేజ్, ఒక చేతిలో ఫోన్. ఎవరో పిల్లలు కెలికారనుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, ఉల్లిపాయలు ఇంకొన్ని వెయ్యమని అడిగాను. పక్కన ఎనిమిదీ పది అని ఉంది. రెండేళ్లు రోజూ చూసిన సమయం. చూడలేదు. ఆ ఒక్క మాట అక్కడ ఉండి ఉంటే చర్చ ముగిసేది కాదు. నా ప్రోగ్రాం నడిచేది కాదు. వంటింట్లో నిలబడి ఏడ్చాను.

దాచిపెడదామని అనుకోలేదంటే అబద్ధం. ఆ పిల్లకు ఏం తెలుస్తుంది, ‘పని చేసిందమ్మా’ అంటే నమ్మేస్తుంది. రెండు రోజులు ఆ మాటే మనసులో అనుకుంటూ తిరిగాను. మూడో రోజు నాలుగింటికి మళ్లీ ఆ వరండాకే వెళ్లాను. ఆయన భార్య, ఆంటీ, లోపల టీ పెడుతున్నారు. మెట్టు మీద కూర్చుని ఆ పిల్లకు అంతా చెప్పాను. తలుపు దగ్గర ఆంటీకి కూడా వినపడేలాగే చెప్పాను. ఓటు పడిందని, దాన్ని తీసేసింది నేనేనని, నాన్న పేజీలు ఇప్పుడు లేవని.

ఆ పిల్ల తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“యూ థాట్ ఐ వాజ్ ఎ బాట్?” అంది. అచ్చం ఆయన లాగే, కళ్లలో నీళ్లతో నవ్వుతూ.

ఆ పొద్దునే చర్చను మళ్లీ తెరిచాననీ, నా చమత్కారాన్ని కొట్టేసి ‘నా పొరపాటు’ అని రాశాననీ, నా ఓటు ‘ఉంచాలి’కి మార్చుకున్నాననీ చెప్పాను. మిగతావాళ్లు ఒప్పుకోకపోవచ్చని కూడా చెప్పాను.

“వాట్ డిడ్ ఐ గెట్ రాంగ్?”

టిష్యూ మీద వేలు పెట్టి చూపించాను. “ఉ పక్కన ఈ సున్నా. చ కి దీర్ఘం.”

“దట్ లిటిల్ సర్కిల్? ఐ థాట్ ఇట్ వాజ్ జస్ట్ ఎ డాట్. ఏన్ ఇంక్ స్పాట్.”

లాప్‌టాప్ తెచ్చి అరటిపళ్ల పెట్టె మీద పెట్టింది. స్టూలు లాక్కుంది. ఒంటివేలితో, పైకి చదువుతూ, “ఉ. సున్నా. చా. లి,” అని కొట్టింది. గడియారం చూసి ఆగింది. ఆంటీ టీ తెచ్చి పక్కన పెట్టి, ఆమె వెనకే నిలబడ్డారు. నాలుగూ పదికి నొక్కింది.

“హౌ మెనీ ఆర్ వీ నౌ?”

“ఇద్దరం.”

తెర మీద ఒకదాని కింద ఒకటిగా ఉన్న రెండు ‘ఉంచాలి’లనూ వేలితో తడిమింది.

“నాన్న ఒక్కరే ఉంటా అనుకున్నారు, అంకుల్,” అంది. తెలుగులోనే అంది.